షాపు ఎవరిదైతేనేం, ఊరినెవరైనా అడిగారా?

ప్రభుత్వం మారితే మద్యం పాలసీ మారడం మనకు అలవాటైపోయింది. ఒకాయన వేలం పాట పెడతాడు, ఇంకొకాయన లాటరీ తీస్తాడు, మరొకాయన షాపులన్నీ సర్కారే నడుపుతుందంటాడు, తర్వాత వచ్చినాయన మళ్లీ ప్రైవేటుకిస్తాడు. ప్రతిసారీ దాన్ని సంస్కరణ అనే అంటారు. టీవీల్లో గంటల తరబడి చర్చలు నడుస్తాయి. ఎవరు అమ్మాలి, ఎవరికి ఎంత మిగలాలి, ఖజానాకి ఎంత రావాలి అన్నదే అక్కడ మాట. ఫలానా వీధిలో షాపు పెట్టొచ్చా అని ఆ వీధిలో ఉండేవాళ్లను అడగాలన్న నిబంధన మాత్రం మైదాన ప్రాంతాల్లో ఎక్కడా ఉండదు. నా గొడవంతా దాని గురించే.

ముందే చెప్పేస్తాను, నేను మద్యనిషేధం కావాలనే మనిషిని కాను. తాగేవాణ్ణి చూసి మొహం చిట్లించే రకమూ కాదు. 1995 జనవరి 16 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ నిషేధం అమలైంది. ఎన్టీఆర్ ఎన్నికల్లో మాటిచ్చారు, అధికారంలోకి రాగానే చేశారు. 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఆ రెండేళ్లలో పక్క రాష్ట్రాల నుంచి, యానాం నుంచి సరుకు ఎలా వచ్చేదో అప్పటికి ఊహ తెలిసిన వాళ్లందరికీ గుర్తుంటుంది. డబ్బున్నవాడికి సీసా దొరికింది, లేనివాడికి నాటుసారా దొరికింది. బీహార్ 2016 నుంచి నిషేధంలో ఉంది. 2022 డిసెంబర్‌లో అక్కడి సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదుల సంఖ్యలో చనిపోయారు. కాబట్టి అమ్మకం ఉండాలి, దానికి లైసెన్సు ఉండాలి. నేను అడిగేదల్లా, ఆ లైసెన్సు ఎవరికి జవాబుదారీగా ఉండాలన్నది.

ఇప్పుడు లైసెన్సు ఎలా పుడుతుందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబర్‌లో 3,396 షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తుకి 2 లక్షలు కట్టాలి, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకుండానే ప్రభుత్వానికి 1,800 కోట్ల దాకా వచ్చి పడింది. తెలంగాణలో 2023లో 2,620 షాపులకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు, వాటి మీద 2,600 కోట్లు దాటిన ఆదాయం. 2025లో దరఖాస్తు ఫీజును 3 లక్షలకు పెంచారు. దరఖాస్తులు 95 వేల చిల్లరకు తగ్గాయి, ఆదాయం మాత్రం 2,850 కోట్ల దాకా వెళ్లింది. జిల్లా కేంద్రంలో పెద్ద హాలు, వేదిక మీద కలెక్టరు, నంబర్లున్న టోకెన్లు, ఒక డబ్బా. ఊపుతారు, తీస్తారు, మైకులో చదువుతారు. కింద కూర్చున్న వాళ్లలో ఒకడు లేచి కేక వేస్తాడు, మిగిలినవాళ్లు లేచి టీకి పోతారు. మన దగ్గర మద్యం లైసెన్సు మంజూరు చేసే ప్రక్రియ ఇదే. లాటరీ కొట్టినవాడు మంచివాడా, ముందు ఏ వ్యాపారం చేశాడు, ఇదివరకు బెల్టు షాపుల (లైసెన్సు లేకుండా ఊళ్లలో మద్యం అమ్మే కొట్ల) కేసుల్లో ఉన్నాడా అన్నది డబ్బాలోని టోకెన్‌కి తెలియదు కదా.

లాటరీ అసలెందుకొచ్చిందో మర్చిపోకూడదు. వేలం పాటల రోజుల్లో సిండికేట్లు రాజ్యమేలాయి. పాటలో కోట్లు పెట్టినవాడు ఆ కోట్లు రాబట్టుకోవడానికి ఎంఆర్‌పి మీద ఎంత వేస్తే అంత. ఏసీబీ దాడులు జరిగి, మామూళ్ల చిట్టాల్లో ఎవరెవరి పేర్లో బయటపడ్డాక, 2012లో వేలం తీసేసి ఫీజు ఖాయం చేసి లాటరీ పెట్టారు. దానివల్ల కొంత మేలు జరిగిందనే ఒప్పుకుంటాను. కనీసం ఒక్కడే పాడి జిల్లా మొత్తం పట్టుకోవడం తగ్గింది. కానీ లాటరీ ఆపగలిగింది పాటలో జరిగే అక్రమాన్ని మాత్రమే. షాపు తెరిచాక జరిగేదాని మీద దానికి ఏ పట్టూ లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్న విషయం. లాటరీలో వచ్చేది ఫలానా మండలంలోనో, మున్సిపాలిటీలో ఫలానా వార్డులోనో షాపు పెట్టుకునే హక్కు. ఎక్కడ అన్నది తర్వాత. లైసెన్సు చేతికొచ్చినవాడు బైకేసుకుని తిరిగి, బస్టాండ్ దగ్గరో, మూడు రోడ్ల కూడలిలోనో, ఎక్కువ అద్దెకు ఆశపడే ఇంటివాణ్ణి పట్టుకుంటాడు. బడికీ గుడికీ వంద మీటర్ల దూరం ఉందా అని టేపు పట్టుకుని కొలుస్తారు. వీధిలోవాళ్లకి విషయం తెలిసేది ఎప్పుడు? షట్టరు ముందు ఇనప గ్రిల్లు వెల్డింగ్ చేస్తున్నప్పుడు. అప్పుడు ఆడవాళ్లు టెంటు వేస్తారు, విలేకరులు ఫొటో తీస్తారు, ఎస్సై వచ్చి నచ్చజెప్తాడు. అప్పటికే లైసెన్సు ఫీజు కట్టడం మొదలై ఉంటుంది. ఆంధ్రలో జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా. అంత కట్టేవాణ్ణి వెనక్కి పొమ్మని ఏ అధికారి అంటాడు? నాలుగు రోజులకి టెంటు తీసేస్తారు. మరుసటి వారం ఆ వీధిలో పొద్దు గూకాక ఆడపిల్లలు ట్యూషన్ నుంచి తిరిగొచ్చే దారి మారిపోతుంది. మా వీధిలో అచ్చం ఇలాగే జరిగింది. మేం ఇచ్చిన అర్జీకి ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు తప్ప ఇంకేమీ రాలేదు.

ఇదే పని వేరే చోట ఎలా చేస్తారో చూడండి. ఇంగ్లండ్‌లో 2003 చట్టం వచ్చాక మద్యం లైసెన్సులు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్ల నుంచి స్థానిక కౌన్సిళ్లకు వెళ్లింది. దరఖాస్తు పెట్టుకున్నవాడు ఆ భవనం బయట లేత నీలం రంగు కాగితం మీద నోటీసు అంటించాలి. దారిన పోయేవాళ్లు చదవగలిగేలా 28 రోజులు అది అక్కడే ఉండాలి. ఎవరైనా అభ్యంతరం రాసివ్వొచ్చు. కమిటీ కూర్చుని రెండు వైపులా వింటుంది. ఇష్టమొచ్చిన కారణం చెప్తే కుదరదు. నేరాలు అరికట్టడం, ప్రజల భద్రత, చుట్టుపక్కలవాళ్లకి ఇబ్బంది లేకుండా చూడడం, పిల్లలకు హాని జరగకుండా చూడడం అని చట్టం నాలుగు లక్ష్యాలు పెట్టింది, వాటికి ముడిపెట్టి మాట్లాడాలి. స్కాట్లాండ్ తన చట్టంలో వీటికి ప్రజారోగ్యాన్నీ కలిపింది. ఖజానా ఆదాయం ఆ లక్ష్యాల్లో ఎక్కడా లేదు. అక్కడ పబ్బుల గోల లేదని, తాగి పడిపోయేవాళ్లు లేరని నేననను. షాపు రాకముందే పక్కింటివాడి మాట వినాలన్న పద్ధతి ఉంది, అంతే.

ఇంగ్లండ్ దాకా ఎందుకు, పక్కనే ఉన్న మహారాష్ట్రలో ఒక ఏర్పాటుంది. ఒక ఊళ్లోనో వార్డులోనో 25 శాతం మంది మహిళా ఓటర్లు అడిగితే ప్రభుత్వం రహస్య బ్యాలెట్ పెట్టాలి. బ్యాలెట్ కాగితం మీద రెండు సీసా బొమ్మలుంటాయి. నిలబడి ఉన్న సీసా మీద గుర్తు వేస్తే షాపు ఉండాలని, అడ్డంగా పడి ఉన్న సీసా మీద వేస్తే పోవాలని. మొత్తం ఓటర్లలో సగానికి పైగా పడిన సీసాకి వేస్తే షాపు మూయాల్సిందే. వేసినవాళ్లలో సగం అయితే చాలదు, ఉన్నవాళ్లలో సగం కావాలి. చాలా కఠినమైన షరతు. అయినా కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు గెలిచారు. రాజస్థాన్‌లోనూ ఇలాంటి నిబంధనే ఉంది. రాజ్‌సమంద్ జిల్లా కఛ్‌బలీ గ్రామస్థులు 2016లో ఓటేసి తమ ఊరి షాపును మూయించుకున్నారు.

మన రాష్ట్రాల్లోనూ ఒక చోట ఈ హక్కుంది, కాకపోతే కాగితం మీద. 1996 నాటి పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండేలా రాష్ట్రాలు చట్టాలు చేసుకోవాలి. అంటే పాడేరు కొండల్లోని గూడేనికి చట్టం ఇచ్చిన నోరు, కింద అనకాపల్లి మైదానంలోని ఊరికి లేదు. ఏజెన్సీలో అది ఎంతవరకు అమలవుతోందన్నది వేరే కథ, దాని మీద వేరే వ్యాసం రాయొచ్చు. కానీ ఊరి సమ్మతి అడగడం ఆచరణలో కుదరని పని అనేవాళ్లకి మన చట్టాల పుస్తకంలోనే జవాబుంది.

అసలు ఊరి మాట వినడం మనకు కొత్తా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో దాని గురించి పాఠం చదివి, మన ఊళ్లో ఎందుకు చెయ్యకూడదనుకున్నారు. మా పెద్దమ్మ వాళ్లది ఆ జిల్లా మెట్ట ప్రాంతమే. సారా ప్యాకెట్ల జీపు ఊళ్లోకి రాకుండా రోడ్డుకి అడ్డంగా కూర్చున్న రోజుల గురించి ఇప్పటికీ చెప్తుంది. "మేం పోలీసుల్ని తిట్టలేదురా, జీపు డ్రైవర్ని కూర్చోబెట్టి మజ్జిగిచ్చాం. తాగి, బండి వెనక్కి తిప్పుకుని పోయాడు" అని. సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది.

ఆ ఉద్యమాన్ని మనం మద్యనిషేధ ఉద్యమమనే గుర్తుపెట్టుకున్నాం. నాకు మాత్రం దాని మొదటి అడుగు ఇంకోలా కనిపిస్తుంది. ఆ ఆడవాళ్లు మొదట అడిగింది మా ఊళ్లో కొట్టు వద్దని. ఒక ఊరు, ఒక కొట్టు, దాని మీద మాకూ ఒక మాట ఉండాలి అని. ఆ కోరికకి ఒక చట్టరూపం ఇచ్చి ఉంటే సరిపోయేది. రాజకీయ పార్టీలు దాన్ని పట్టుకుని మొత్తం రాష్ట్రానికి నిషేధంగా మార్చాయి. రెండేళ్లకి ఖజానా ఖాళీ అయిందని ఎత్తేశాయి. ఎత్తేసినప్పుడు ఊరి మాట కూడా దాంతోపాటే పోయింది. అయితే అంతా, లేకపోతే ఏమీ లేదు అన్నట్టుంటుంది మన పద్ధతి. మధ్యలో ఉండే పనికొచ్చే చట్టం ఎవరికీ అక్కర్లేదు, దానికి ఓట్లు రాలవు మరి.

2019 తర్వాత ఆంధ్రలో జరిగిందాని గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే సర్కారే అమ్మితే అన్నీ బాగుపడతాయని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి షాపులన్నీ ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ చేతికొచ్చాయి. 4,380 షాపుల్ని 3,500కి తగ్గించారు. షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు తీసేశారు. దశలవారీగా నిషేధానికి వెళ్తామన్నారు. కాగితం మీద చూస్తే మద్యం తగ్గాలనుకునేవాళ్లు కోరుకునేవి చాలానే ఉన్నాయి అందులో. ఆచరణలో ఏం జరిగింది? 2020 మేలో లాక్‌డౌన్ సడలించగానే రెండు రోజుల వ్యవధిలో ధరలు మొత్తం 75 శాతం పెంచారు. తాగడం మాన్పించడానికన్నారు. ప్రకాశం జిల్లా కురిచేడులో ఆ జులై నెలాఖరున శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఎప్పుడూ వినని బ్రాండ్లు కౌంటరు మీదికి వచ్చాయి. ఫోన్‌పే ప్రతి టీకొట్టులో ఉన్న కాలంలో ప్రభుత్వ మద్యం షాపుల్లో ఏళ్ల తరబడి నగదు మాత్రమే తీసుకున్నారు. ఆ కొనుగోళ్ల మీద వచ్చిన ఆరోపణలు కేసులయ్యాయి, తేల్చాల్సింది కోర్టులు, నేను కాదు. కానీ ఒక్క సంగతికి కోర్టు అక్కర్లేదు. 2022లో ఆ కార్పొరేషన్ బాండ్లు అమ్మి 8 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. తీర్చేది ముందు ముందు మద్యం మీద వచ్చే డబ్బుతో. నిషేధం దిశగా నడుస్తానన్న ప్రభుత్వం, రేపు జనం తాగబోయే మద్యాన్ని ఇవాళే తాకట్టు పెట్టింది. దీనికి నేను వ్యాఖ్యానం రాయక్కర్లేదనుకుంటా.

సర్కారీ షాపు అనగానే స్వీడన్ పేరు చెప్తారు కొందరు. అక్కడ సిస్టెంబొలాగెట్ అని ప్రభుత్వ సంస్థ 1955 నుంచి నడుస్తోంది, ఘాటు మద్యం దాదాపు అంతా దాని షాపుల్లోనే కొనాలి. శనివారం మధ్యాహ్నం 3కి మూసేస్తారు, ఆదివారం తెరవరు. ఎక్కువ కొంటే డిస్కౌంట్ ఉండదు. బీరు చల్లబరిచి కూడా ఇవ్వరు. అమ్మకం పెంచడం తన పని కాదని ఆ సంస్థకి మొదటి నుంచీ చెప్పి పెట్టారు. మన కార్పొరేషన్‌కి అలా ఎవరూ చెప్పలేదు. బోర్డు మీద ప్రభుత్వం అని ఉంటే చాలు, లోపల లక్ష్యం ఏదైనా ఫర్వాలేదు అనుకున్నాం.

ఈ లక్ష్యం గురించి కాస్త వివరంగా. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలకి తమంతట తాము పన్ను పెంచుకోగలిగే వస్తువులు చాలా తగ్గిపోయాయి. మద్యం, పెట్రోలు, డీజిల్ ప్రధానంగా మిగిలాయి. మద్యం మీద ఎక్సైజ్, వ్యాట్ కలిపి మన రెండు రాష్ట్రాలకూ విడివిడిగా ఏడాదికి పాతిక వేల కోట్లకు పైనే వస్తోంది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలంటుంది. అదే రాజ్యాంగం వాటి మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. సరే, రెండూ ఉండొచ్చు. కానీ ఆ రెండు పనుల్నీ ఒకే శాఖ, ఒకే స్టేషన్, ఒకే సీఐ చేస్తే ఏం జరుగుతుంది? ఈ నెల డిపో నుంచి సరుకు తక్కువ ఎత్తారేమని షాపువాణ్ణి అడగాల్సిందీ ఆయనే, ఆ సరుకు ఏ బెల్టు షాపుకి పోతోందని పట్టుకోవాల్సిందీ ఆయనే. ఎవరైనా సరే, ఏ పనికి మెచ్చుకోలు వస్తుందో ఆ పని చేస్తారు. 2020లో ఆంధ్రలో ఎస్ఈబీ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) అని అమలు విభాగాన్ని విడదీశారు. విడదీయడం మంచి ఆలోచనే అనిపించింది నాకు. 2024లో దాన్ని రద్దు చేసి మళ్లీ అందర్నీ ఒకే గూటికి చేర్చారు.

ఇక బెల్టు షాపులు. ఇది తెలియకుండా మన లైసెన్సుల గురించి మాట్లాడటం దండగ. ప్రభుత్వం లెక్కలో ఉండేవి మూడు వేల చిల్లర షాపులు. ఊళ్లలో అసలు తాగేది ఎక్కడ? కిరాణా కొట్లో. ముందు వరసలో బిస్కెట్ డబ్బాలు, చాక్లెట్ల సీసాలు, వేలాడే షాంపూ ప్యాకెట్లు. లోపల బియ్యం డ్రమ్ము పక్కన గోనె పట్టా కింద క్వార్టర్లు. వచ్చినవాడు పేరు చెప్పడు, నోటు బల్ల మీద పెడతాడు. ఎంత నోటు పెట్టాడన్న దాన్నిబట్టి ఏ సరుకో కొట్టువాడికి తెలుస్తుంది. దాంతోపాటు ఒక వాటర్ ప్యాకెట్, డిస్పోజబుల్ గ్లాసు, మిక్చర్ పొట్లం. 99 రూపాయల క్వార్టర్ ఇక్కడ 120, 130. వైన్ షాపు పది గంటలకి తెరుస్తుంది, ఇది తెల్లారి ఆరింటికే పని మొదలెడుతుంది, కూలికి పోయేవాడు పోతూ పోతూ ఒకటి వేసుకునేలా. అప్పు కూడా ఇస్తారు. మా వైపు ఒక ఖాతా పుస్తకం చూశాను, మందు పద్దులన్నీ 'నూనె' అని రాసి ఉన్నాయి. నెలాఖరుకి సరుకుల బాకీ కట్టడానికి వచ్చిన ఆ ఇంటి ఆవిడ, ముగ్గురున్న ఇంటికి ఇంత నూనె ఎలా అయిందన్నా అని అడుగుతోంది. కొట్టువాడు తల వంచుకుని పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం.

ఈ సరుకు ఎక్కణ్నుంచి వస్తుంది? లైసెన్సున్న షాపు నుంచే. ఆటోలో పెట్టెలకి పెట్టెలు దిగుతాయి. అరకోటికి పైగా ఫీజు కట్టి, రెండేళ్లలో రాబట్టుకోవాల్సినవాడికి కౌంటరు మీద అమ్మకం చాలదు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఊరికి రెండు బెల్టు షాపులుంటేనే వాడి లెక్క కుదురుతుంది. కాబట్టి బెల్టు షాపు మన లైసెన్సు పద్ధతికి పట్టిన చీడ అనుకుంటే పొరపాటు, ఆ పద్ధతి కాసే కాయే అది. ఇంత ఫీజు, ఇంత తక్కువ గడువు పెట్టినంతకాలం అది పుడుతూనే ఉంటుంది. బెల్టు షాపుకి సరుకిస్తే మొదటిసారి 5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని 2024లో ముఖ్యమంత్రి ప్రకటించారు. బాగుంది. కానీ కేసులు ఎక్కువగా ఎవరి మీద పడతాయి? పది క్వార్టర్లతో దొరికిన కిరాణా కొట్టామె మీద. ఆ పది క్వార్టర్లు అమ్మినవాడి దాకా కేసు నడవదు. సీసా మీద హోలోగ్రామ్ ఉంటుంది, ఏ డిపో నుంచి ఏ షాపుకి వెళ్లిందో స్కాన్ చేస్తే తెలియాలి. 2025 అక్టోబర్‌లో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక క్యూఆర్ స్కాన్ గురించి చాలా హడావిడి జరిగింది. ఆ స్కానింగే బెల్టు షాపులో దొరికిన ప్రతి సీసాకీ చేసి, వెనక్కి వెళ్లి లైసెన్సుదారుడి పేరు రాయమనండి. టెక్నాలజీ లేక కాదు ఇది జరగనిది.

పర్మిట్ రూముల విషయంలో నా అభిప్రాయం చాలామంది స్నేహితులకి నచ్చదు. ఆంధ్రలో 2025లో వాటిని మళ్లీ తెచ్చారు, మహిళా సంఘాలు వ్యతిరేకించాయి. నేను మాత్రం అవి ఉండటమే మేలంటాను. కూర్చునే చోటు లేకపోతే మనిషి తాగడం మానడు, చెరువు గట్టు మీదో, బడి ప్రహరీ వెనకో, ఎవడి పొలంలోనో కూర్చుంటాడు. పొలంలో పగిలిన సీసా గుచ్చుకున్న కాలిని అడగండి చెప్తుంది. అయితే ఆ గదిలో నీళ్లు, మరుగుదొడ్డి, మూసే వేళ అన్నీ చూడాల్సింది ఎక్సైజ్ శాఖ కాకుండా పంచాయతీ అయితేనే ఫలితం ఉంటుంది.

దూరం నిబంధన గురించి ఒక్కమాట చెప్పి వదిలేస్తా. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు హైవేలకి 500 మీటర్ల లోపు మద్యం షాపులుండకూడదంది. తర్వాత చిన్న ఊళ్ల దగ్గర 220 మీటర్లకి తగ్గించింది. వెంటనే కొన్నిచోట్ల రాష్ట్ర రహదార్లని మామూలు రోడ్లుగా మార్చేశారు. కేరళలో ఒక బారువాళ్లయితే గేటు నుంచి తలుపు దాకా వంకర టింకరగా గోడలు కట్టి, నడిచే దూరం పెంచేశారు. మీటర్లతో మనిషిని ఆపాలనుకుంటే ఇలాగే ఉంటుంది.

ఊరికి హక్కిస్తే ఏమవుతుందో నాకూ తెలుసు. సర్పంచిని కొనేస్తారు. షాపు వద్దన్న ఊరికి సీసా పక్క ఊరి నుంచి వస్తుంది. ఒక కులంవాళ్ల షాపుని ఇంకో కులంవాళ్లు అభ్యంతరం పేరుతో ఆపుతారు. ఇవన్నీ జరుగుతాయి. అందుకే సర్పంచి సంతకం చాలదంటున్నాను, మహారాష్ట్రలోలా రహస్య ఓటు కావాలి. చెయ్యెత్తమంటే మొగుడి ముందు ఏ ఆడమనిషీ ఎత్తదు. పక్క ఊరి నుంచి సీసా వస్తుందన్నది నిజమే. కానీ నాలుగు కిలోమీటర్లు పోయి తెచ్చుకునే సీసాకీ, ఇంటి ముందు కొట్లో అప్పుకి దొరికే సీసాకీ తేడా లేదని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరూ అనరు.

ఆదాయం పోతుంది కదా అనేది అన్నిటికంటే బరువైన వాదన. పింఛన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎక్కణ్నుంచి వస్తాయంటారు. ఖర్చు వైపు లెక్క ఎవరూ చూపించరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రలో 23 శాతం. దేశం మొత్తం మీద 19. లివరు పాడైనవాడికి ఆరోగ్యశ్రీ కింద కట్టేది, బైకు మీద నుంచి పడ్డవాడికి కట్టేది, మంచాన పడ్డవాడి ఇంట్లో ఆగిపోయిన కూలి, ఇవన్నీ పాతిక వేల కోట్ల పక్కన రాసి చూపించమనండి ఏ ఆర్థికమంత్రినైనా. అయినా నేను అడిగేది ఆదాయాన్ని సున్నా చెయ్యమని కాదు. షాపులన్నీ ఊళ్లు తిప్పికొడతాయన్నది ఉత్త భయం. చాలా ఊళ్లు ఒప్పుకుంటాయి, కాకపోతే షరతులు పెడతాయి. బస్టాండ్ దగ్గర వద్దు, ఊరి చివర పెట్టుకో, రాత్రి తొమ్మిదికి మూసెయ్, బెల్టుకి సరుకిచ్చినట్టు తెలిస్తే మళ్లీ ఓటు పెడతాం అని. ఆ చివరి షరతు ఒక్కటి చాలు, ఎక్సైజ్ శాఖ ఇన్నేళ్లుగా చెయ్యలేని పని లైసెన్సుదారుడే చేస్తాడు. తన షాపు నిలవాలంటే ఊరి మొహం చూడాలి కదా.

గడువు కూడా పెంచాలి. రెండేళ్ల లైసెన్సు ఉన్నవాడు ఉన్న రెండేళ్లలో పిండుకోవాలనే చూస్తాడు. ఐదేళ్లు ఇచ్చి, ఫీజు ఏటా వాయిదాల్లో తీసుకుని, మధ్యలో ఊరు వద్దంటే పోయే షరతు పెడితే వాడి లెక్కలు మారతాయి. ఈ దరఖాస్తు ఫీజు జూదం కూడా ఆపాలి. షాపు రానివాళ్ల జేబుల నుంచి వేల కోట్లు ఏరుకోవడం ఏ సంస్కరణో నాకర్థం కాదు. ఆ డబ్బు పెట్టినవాళ్లలో సిండికేట్లున్నాయి, నిజమే. పొలం తాకట్టు పెట్టి అదృష్టం చూసుకున్న మామూలు మనుషులు కూడా ఉన్నారు.

ఆంధ్రలో ఇప్పటి లైసెన్సుల గడువు 2026 సెప్టెంబర్ 30తో, తెలంగాణలో 2027 నవంబర్ 30తో ముగుస్తుంది. వాటి తర్వాతి నోటిఫికేషన్లలో అందరూ దరఖాస్తు ఫీజు ఎంత, మార్జిన్ ఎంత, ఏ వర్గానికి ఎన్ని షాపులు అని వెతుకుతారు. నేను వెతికేది వేరే. లాటరీకి ముందు షాపు పెట్టే స్థలం సర్వే నంబరుతో సహా ప్రకటించాలని ఉందా, ఆ గోడ మీద కనీసం నెల రోజులు నోటీసు ఉండాలని ఉందా, అభ్యంతరం చెప్పినవాళ్లకి రాతపూర్వకంగా కారణాలతో జవాబివ్వాలని ఉందా. ఈ మూడూ పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, నిబంధనలు సవరిస్తూ ఒక్క జీవో ఇస్తే సరిపోతుంది. గ్రామసభ ఓటుకి మాత్రం చట్టం కావాలి. మీ ఎమ్మెల్యే కనపడితే అది ఎందుకు కుదరదో అడగండి. ఆదాయం గురించి కాకుండా ఇంకేదైనా కారణం చెప్తే నాకు రాయండి, దాని మీద వాదించుకుందాం.